మెత్తని పగడాలకు మన వల్ల హాని జరగకుండా చూసుకోవడం ఎలా?

గట్టి పగడం చచ్చిపోతే దాని సున్నపు గూడు ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. పాలిపోయిన ఆ గూడును చూసి ఇక్కడ ఒకప్పుడు పగడాల దిబ్బ ఉండేదని ఎవరైనా చెప్పగలరు. మెత్తని పగడం అలా కాదు. చచ్చిన కొద్ది రోజులకే కుళ్లి, విడిపోయి, నీళ్లలో కలిసిపోతుంది. మిగిలేది ఉత్త రాయి, లేదంటే ఇసుక. తర్వాత వచ్చినవాళ్లకు అక్కడ ఏదో ఉండేదన్న అనుమానం కూడా రాదు.

వీటి కష్టం ఎవరికీ పెద్దగా పట్టకపోవడానికి ఇదే ముఖ్య కారణమని నా నమ్మకం. పోయినట్టు తెలియనిదాన్ని కాపాడాలని ఎవరు అనుకుంటారు? కాబట్టి కింద చెప్పే పనులన్నిటిలో రెండు విషయాలు కలిసే ఉంటాయి: హాని చేయకపోవడం, ఉన్నదాన్ని సరిగ్గా చూసి రాసి పెట్టడం. సముద్రంలో ఈదేవాళ్లు, డైవింగ్ చేసేవాళ్లు, పడవ నడిపేవాళ్లు, గాలం వేసేవాళ్లు, ఇంట్లో అక్వేరియం ఉన్నవాళ్లు ఎవరైనా చేయగలిగినవే ఇవి. మీకు సంబంధం లేని భాగం దాటేసినా పర్లేదు. మొదటి రెండు మాత్రం అందరూ చదవండి, మిగతావన్నీ వాటి మీదే ఆధారపడ్డాయి.

1. ముందు గుర్తుపట్టడం నేర్చుకోండి

మెత్తని పగడాన్ని చూసి చాలామంది మొక్క అనుకుంటారు. నీటి వాటానికి ఊగుతుంది, కొమ్మలుంటాయి, కొన్నిటికి పువ్వుల్లాంటివి కూడా కనిపిస్తాయి. ఆ పువ్వులే అసలు జంతువులు. వాటిని పాలిప్‌లు అంటారు. ముట్టుకోకుండా, జానెడు దూరం నుంచి ఒక పాలిప్‌ను నిదానంగా చూసి దాని చేతులు లెక్కపెట్టండి. సరిగ్గా 8 ఉండి, ఒక్కో చేతికి ఈకలాగా రెండు పక్కలా సన్నటి పోగులుంటే అది మెత్తని పగడాల కుటుంబం. గట్టి పగడాల్లో చేతులు 6 లేదా 6 గుణిజాల్లో ఉంటాయి, నున్నగా ఉంటాయి. ఈ ఎనిమిది లెక్కను బట్టే శాస్త్రవేత్తలు ఈ గుంపును ఆక్టోకొరాల్స్ అంటారు. ఇప్పటివరకు 3,000కు పైగా జాతులను గుర్తించారు.

ఆకారాలు మాత్రం ఒకదానితో ఒకటి పొంతన లేనట్టు ఉంటాయి. పుట్టగొడుగులా గొడుగు విప్పినవి, చేతి వేళ్లలా లేచినవి, కాలీఫ్లవర్ పువ్వులా ఉబ్బినవి, విసనకర్రలా పరుచుకున్న సీ ఫ్యాన్లు, కొరడాల్లా నిటారుగా లేచిన సీ విప్‌లు, బురదలో గుచ్చిన ఈకల్లాంటి సీ పెన్‌లు. గట్టి పగడానికి ఉండే రాతి గూడు వీటిలో ఎక్కువవాటికి ఉండదు. బదులుగా ఒంటి నిండా కంటికి ఆనని సున్నపు ముళ్లుంటాయి. సీ ఫ్యాన్లకు అదనంగా లోపల కొమ్ములాంటి పదార్థంతో చేసిన కాండం ఉంటుంది, అందుకే అవి విరగకుండా ఊగుతాయి.

ఒక ఆశ్చర్యం చెప్పాలి. మనం నగల్లో చూసే ఎర్ర పగడం కూడా ఈ ఎనిమిది చేతుల వంశంలోదే. మధ్యధరా సముద్రంలో పెరిగే కొరాలియం రూబ్రమ్ అనే జాతి అది. దాని కాండం మాత్రం రాయంత గట్టిది. నీలి పగడం, ఆర్గాన్ పైప్ పగడం కూడా గట్టిగానే ఉంటాయి గానీ చేతులు ఎనిమిదే. కాబట్టి మెత్తగా ఉందా గట్టిగా ఉందా అని తేల్చుకోవడానికి నొక్కి చూడకండి, చేతులు లెక్కపెట్టండి చాలు.

2. అది దేన్ని తిని బతుకుతోందో తెలుసుకోండి

ఏ ప్రమాదం దేన్ని ముందు దెబ్బ తీస్తుందో తెలియాలంటే వాటి తిండి సంగతి తెలియాలి. స్థూలంగా రెండు రకాలు.

మొదటి రకం ఒంట్లో సూక్ష్మ శైవలాలను, అంటే కంటికి ఆనని పాచిలాంటి జీవులను పెట్టుకుని, అవి ఎండలో తయారు చేసే ఆహారం మీద ఆధారపడుతుంది. పుట్టగొడుగులా ఉండే సార్కోఫైటాన్, వేళ్లలా ఉండే సైన్యులేరియా ఈ రకం. సాధారణంగా గోధుమ, లేత ఆకుపచ్చ, మీగడ రంగుల్లో ఉంటాయి. ఎండ అందే లోతుల్లోనే బతుకుతాయి. నీళ్లు బురదగా మారి వెలుతురు తగ్గినా, వేడెక్కినా వీటికి కష్టం. వేడికి ఒంట్లోని శైవలాలను పోగొట్టుకుని తెల్లబడతాయి. దీన్నే బ్లీచింగ్ అంటారు.

రెండో రకానికి శైవలాలుండవు. ప్రవాహంలో కొట్టుకొచ్చే సూక్ష్మజీవులను పట్టుకుని తింటాయి. గులాబీ, నారింజ, ఊదా రంగుల్లో మెరిసే డెండ్రోనెఫ్థియా ఈ రకం. ఎర్ర సముద్రంలో దాని మీద జరిగిన పరిశోధనలో అది ముఖ్యంగా వృక్ష ప్లవకాలను, అంటే నీటిలో తేలే సూక్ష్మమైన మొక్కలను తిని బతుకుతోందని తేలింది. ఇలాంటివాటికి ఎండ లేకపోయినా ఫర్వాలేదు, నీటి వాటం ఆగిపోతే మాత్రం బతకలేవు. సీ ఫ్యాన్ వాటానికి అడ్డంగా, విసనకర్రను ఎదురుగా పట్టినట్టు పెరగడానికి కారణం ఇదే. కొత్తగా ఒక అడ్డుగోడ కట్టినా, రేవు కోసం పూడిక తీసినా ప్రవాహం దారి మారుతుంది. అక్కడే పాతుకుపోయిన జంతువు లేచి వెళ్లలేదు కదా.

రెండో రకానికి శైవలాలు లేవు కాబట్టి వేడితో ఇబ్బంది లేదని మాత్రం అనుకోకండి. మధ్యధరా సముద్రంలో 1999లోనూ, 2003లోనూ వేసవి వేడికి ఊదా రంగు సీ ఫ్యాన్లు పెద్ద ఎత్తున చచ్చిపోయాయి. అవి శైవలాలు లేని జాతే.

3. నీళ్లలోకి దిగేటప్పుడు

డైవింగ్ చేసేవాళ్లయితే మొదట బరువు సరిచూసుకోండి. నడుముకు సీసం ఎక్కువ కట్టుకుంటే కాళ్లు కిందికి వాలిపోతాయి, పాదాలకు తొడుక్కునే ఫిన్లు ఇసుకను లేపుతాయి. ఆ ఇసుక పగడం మీద దుప్పటిలా కూర్చుంటుంది. దాన్ని వదిలించుకోవడానికి పగడం జిగురు స్రవించాలి, దానికి శక్తి ఖర్చవుతుంది. ఒక్కరు ఒక్కసారి లేపిన ఇసుక పెద్ద విషయం కాకపోవచ్చు. రోజూ పదుల మంది దిగే చోట అదే ఇసుక రోజంతా పడుతూనే ఉంటుంది.

సిలిండర్‌లో గాలి ఎంతుందో చూపే ప్రెషర్ గేజ్, ఊపిరి పీల్చడానికి పెట్టుకునే అదనపు రెగ్యులేటర్ వేలాడకుండా ఒంటికి బిగించుకోండి. సీ ఫ్యాన్ల జల్లెడలాంటి కొమ్మల్లో ఇవి చిక్కుకుంటే కంగారులో లాగేస్తాం. మీ పక్క నుంచి చిక్కు విడిపోతుంది, పగడం చర్మం మాత్రం గీరుకుపోతుంది. ఊపిరి మీద అదుపు ఇంకా రాకపోతే మొదటి కొన్ని డైవ్‌లు ఇసుక నేల మీదే చేయండి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

స్నార్కెలింగ్, అంటే గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి పైనే ఈదడం, చేసేవాళ్లకు వచ్చే చిక్కు వేరు. అలసట వస్తే నిలబడాలనిపిస్తుంది. మెత్తగా కనిపించేదాని మీద కాలు పెట్టడం రాతి మీద పెట్టడం కన్నా సుఖం కాబట్టి కాలు అటే పోతుంది. తేలే జాకెట్ వేసుకోండి, అలసిపోతే వెల్లకిలా తేలండి.

ముట్టుకోవడం గురించి గట్టిగా చెప్పాలి. వేలు తగలగానే పాలిప్‌లు లోపలికి ముడుచుకుంటాయి, కాసేపటికి మళ్లీ విచ్చుకుంటాయి. అది చూసి ఏమీ కాలేదనుకుంటాం. ముడుచుకున్నంత సేపూ అది తినలేదు. రోజుకు యాభై మంది ముట్టుకుంటే ఆ రోజంతా పస్తే. డెండ్రోనెఫ్థియా లాంటివి ఒంట్లో నీళ్లు నింపుకుని నిలబడతాయి, తాకితే ఆ నీళ్లు వదిలేసి చతికిలబడతాయి. అది చూడటానికి సరదాగా ఉంటుందని కొందరు కావాలని తాకుతారు. దయచేసి ఆ పని చేయకండి.

కెమెరా ఉన్నవాళ్లకు ఇంకో మాట. మ్యురిసెల్లా అనే సీ ఫ్యాన్ల మీద మాత్రమే బతికే బుల్లి సీహార్స్ ఒకటుంది, పొడవు 2 సెంటీమీటర్లు. అది ఆ సీ ఫ్యాన్ రంగునీ గరుకునీ ఎంత బాగా అనుకరిస్తుందంటే 1969 దాకా దాని ఉనికే ఎవరికీ తెలియలేదు. న్యూ కాలెడోనియాలో ఒక అక్వేరియం కోసం సేకరించిన సీ ఫ్యాన్ మీద అది బయటపడింది. ఇప్పుడు దాన్ని ఫోటో తీయడానికి కొందరు కొమ్మను వంచుతారు, వేలితో దాన్ని కెమెరా వైపు తిప్పుతారు, ఫ్లాష్ మీద ఫ్లాష్ కొడతారు. ఒక చేత్తో సీ ఫ్యాన్‌ను పట్టుకుంటే తప్ప రాని ఫోటో అయితే దాన్ని వదిలేసుకోండి.

సన్‌స్క్రీన్ విషయానికి వస్తే, పగడాలకు హాని చేస్తాయన్న ఆందోళనతో ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలున్నవాటి అమ్మకాన్ని హవాయిలో 2021 జనవరి 1 నుంచి నిషేధించారు. ఒళ్లు కప్పే పొడుగు చేతుల ఈత దుస్తులు వేసుకుంటే ఏ క్రీమ్ మంచిదన్న టెన్షన్ చాలావరకు తీరిపోతుంది.

4. పడవ ఉంటే, లంగరు వేసే ముందు

నా దృష్టిలో ఈ రాతలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే. దీనికి ఒక ఊరి కథ చెప్పాలి.

ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ తీరాన పోర్ట్ స్టీఫెన్స్ అనే చోట ఊదా, తెలుపు, గులాబీ రంగుల్లో కాలీఫ్లవర్ తోటలాంటి మెత్తని పగడాలుండేవి. పేరు డెండ్రోనెఫ్థియా ఆస్ట్రాలిస్. ఇది ఆగ్నేయ ఆస్ట్రేలియాలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, అక్కడా ఎక్కువ భాగం ఈ ఒక్క చోటే. వైట్స్ సీహార్స్ అనే, అదీ ప్రమాదంలోనే ఉన్న జీవి దీని కొమ్మలకు తోక చుట్టుకుని బతుకుతుంది. స్నాపర్ చేప పిల్లలు దీని నీడన పెరుగుతాయి. 2011 నుంచి 2019 లోపు ఈ తోట విస్తీర్ణం సుమారు మూడింట రెండు వంతులు తగ్గిపోయింది. 2021 మార్చి వరదల తర్వాత మిగిలిన దాంట్లోనూ చాలా పోయింది. న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది.

కారణాలుగా బయటపడినవి భారీ విషయాలేమీ కావు. ఇసుక కదిలి వచ్చి కప్పేయడం, పడవల లంగర్లు, మూరింగ్ (పడవను శాశ్వతంగా కట్టేసే ఏర్పాటు) గొలుసులు, గాలం దారాలు. ఒక్కొక్కటి విడిగా చూస్తే చిన్నవే. ఉన్నదంతా ఒక్క చోటే కాబట్టి అన్నీ అక్కడే పడ్డాయి.

ఇప్పుడు మీ పడవ లెక్క చూడండి. లోతు 6 మీటర్లు అనుకుందాం. లంగరు నిలవాలంటే లోతుకు 5 రెట్లు, అంటే 30 మీటర్ల తాడు, గొలుసు వదులుతాం. గాలి తిరిగితే పడవ లంగరు చుట్టూ తిరుగుతుంది, ఆ వలయం వెడల్పు దాదాపు 60 మీటర్లు. అందులో 10 మీటర్ల గొలుసు నేల మీద ఆని ఉంటే, పడవ ఒక చుట్టు తిరిగేసరికి అది 314 చదరపు మీటర్ల నేలను ఊడ్చేస్తుంది. లంగరు పడిన చోట ఏముందో చూసుకుంటే చాలదు, గొలుసు తిరిగే వలయమంతా చూసుకోవాలి.

కాబట్టి వరసగా ఇలా చేయండి. ఆ చోట కట్టుకోవడానికి మూరింగ్ బోయ ఉందా అని మొదట వాకబు చేయండి. ఉంటే లంగరు తీయనే వద్దు. లేకపోతే అడుగున ఏముందో చూడండి. నీళ్లు తేటగా ఉంటే మాస్క్ పెట్టుకుని తల ముంచితే సరిపోతుంది, లోతైతే శబ్ద తరంగాలతో అడుగును చూపే సోనార్ తెర చూడండి. వలయమంతా ఒట్టి ఇసుక అయితేనే లంగరు వేయండి. ఎత్తేటప్పుడు పడవను లంగరు నడినెత్తికి తెచ్చి నిటారుగా లాగండి, పక్కకు ఈడ్చకండి.

సొంత మూరింగ్ ఉన్నవాళ్లు కాంక్రీటు దిమ్మకు పొడవాటి గొలుసు కట్టే పాత పద్ధతి మార్చుకోవచ్చు. నేలలోకి స్క్రూలా దిగే మర, దాని మీద సాగే తాడు, మధ్యలో తేలే బుడ్డి ఉండే మూరింగ్‌లు వచ్చాయి. వాటిలో నేలను రాసేది ఏదీ ఉండదు. పెట్టడానికి ఖర్చు ఎక్కువే, కానీ గుండ్రంగా బట్టతలలా మారిన నేలను ఒక్కసారి నీళ్లలో దిగి చూసినవాళ్లు మళ్లీ పాత పద్ధతికి వెళ్లరు.

5. గాలం దారం చిక్కుకుంటే

సీ ఫ్యాన్‌కు నైలాన్ దారం చుట్టుకుందంటే కష్టం ఆ రోజుతో అయిపోదు. ప్రతి అలకూ ఆ దారం కొమ్మను కోస్తూనే ఉంటుంది. చర్మం లేచిపోయి లోపలి కాండం బయటపడుతుంది, దాని మీద పాచి, స్పాంజ్‌లు, ఇతర జీవులు ఎక్కుతాయి, బరువు పెరుగుతుంది, చివరికి తుఫాను వచ్చినప్పుడు మొత్తం ఊడిపోతుంది.

గాలం వేసేవాళ్లు చేయాల్సింది ఒకటే. కొక్కెం అడుగున పట్టిందనిపిస్తే బలంగా గుంజకండి. పడవను అవతలి వైపుకు తిప్పి, దారం వదులు చేసి, ఎదురు దిశ నుంచి మెల్లగా ప్రయత్నించండి. తెంపక తప్పకపోతే వీలైనంత కింద తెగేలా చూడండి.

డైవర్లు దారం తీయాలనుకుంటే ముందు ఆ చోట అలాంటి పనికి అనుమతి అవసరమా అని కనుక్కోండి. రక్షిత ప్రాంతాల్లో చాలాచోట్ల అవసరమే. తర్వాత కత్తెర వాడండి, చేత్తో లాగకండి. దారాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కను అది చుట్టుకున్న దిశలోనే వెనక్కి విప్పండి. దారం మీదుగా పగడం చర్మం పెరిగిపోయి ఉంటే అక్కడితో ఆగండి. రెండు పక్కలా వేలాడే కొసలు కత్తిరించి, లోపల ఉన్నది లోపలే వదిలేయండి. దాన్ని పీకితే మానిన గాయాన్ని మళ్లీ రేపినట్టే.

6. జబ్బు ఏదో, మామూలు ఏదో చూసి చెప్పడం

ఇది కొంచెం అభ్యాసంతో వచ్చే చూపు. తొందరపడి చచ్చిపోయిందని రాసేసే పొరపాటు కొత్తవాళ్లు ఎక్కువగా చేస్తారు.

సార్కోఫైటాన్ అప్పుడప్పుడు పాలిప్‌లన్నీ ముడుచుకుని, ఒళ్లంతా మెరిసే మైనం పొర కప్పుకుని రోజుల తరబడి ముభావంగా ఉండిపోతుంది. తర్వాత ఆ పొరను విడిచేసి మళ్లీ విచ్చుకుంటుంది. దాని మీద పడ్డ మట్టినీ పాచినీ వదిలించుకునే పద్ధతి అది. డెండ్రోనెఫ్థియా పోటుకూ పాటుకూ మధ్య నీరు నిలిచిన వేళ వాడిపోయిన పువ్వులా వాలిపోతుంది. వాటం మొదలైతే లేస్తుంది. అందుకే ఏ టైమ్‌లో చూశారో తప్పక రాసుకోవాలి.

కరీబియన్ సీ ఫ్యాన్ల మీద ఫ్లెమింగో టంగ్ అనే చుక్కల నత్త పాకుతూ తింటుంది, దాని వెనక నల్లటి గీత మిగులుతుంది. అది సహజమే. ఆ నత్తను పగడానికి మేలు చేస్తున్నామనుకుని పీకేయకండి. ఆ అందమైన చుక్కలు దాని మాంసపు పొర మీదివి, గుల్ల మీదివి కావు. ఏరుకెళ్లినవాళ్లకు దక్కేది సాదా గుల్లే.

అసలు అనుమానించాల్సినవి ఇవి. సీ ఫ్యాన్ మధ్యలో చిల్లు పడి, చుట్టూ ముదురు ఊదా అంచు ఏర్పడితే అది యాస్పర్‌జిల్లోసిస్ అనే బూజు జబ్బు కావచ్చు. 1990ల మధ్యలో కరీబియన్‌లో ఇది చాలా సీ ఫ్యాన్లను తినేసింది. కాండం ఒక పక్కే గీరుకుపోయి, పక్కనున్నవాటికి కూడా అదే ఎత్తులో గీరు ఉంటే దారమో గొలుసో తగిలినట్టు. గుంపు మొత్తం మీద సన్నటి మట్టి పొర కనిపిస్తే ఎగువన పూడికతీత, కట్టడం పని, వరద నీరు ఏదైనా ఉందేమో చూడండి. ఒకే వారంలో చాలా పగడాలు తెల్లబడితే నీళ్లు వేడెక్కినట్టు. ప్రపంచవ్యాప్తంగా నాలుగో బ్లీచింగ్ దెబ్బ నడుస్తోందని 2024 ఏప్రిల్‌లో అధికారికంగా ప్రకటించారు, కాబట్టి తెల్లబడటాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

7. అక్వేరియం ఉన్నవాళ్లకు, నగలు కొనేవాళ్లకు

అక్వేరియం కోసం కొనేటప్పుడు అమ్మేవాళ్లను ఒక ప్రశ్న అడగండి: ఇది తొట్టెలో పెంచినదా, సముద్రం నుంచి తెచ్చినదా? సార్కోఫైటాన్, సైన్యులేరియా, జీనియా లాంటివి ఒక ముక్క కోసి పెట్టినా కొత్తగా పెరుగుతాయి, కాబట్టి వాటిని సముద్రం నుంచి తేవాల్సిన పనే లేదు. డెండ్రోనెఫ్థియాను మాత్రం ఎవరు ఎంత చెప్పినా కొనకండి. ఎడతెగని ప్రవాహం, ఎడతెగని సూక్ష్మ ఆహారం లేక తొట్టెల్లో అవి నెలల్లోనే ఆకలితో కుంచించుకుపోయి చచ్చిపోతాయి. రంగు చూసి మోజు పడి దాన్ని చంపుకోవడమే అవుతుంది.

జోయాంథిడ్‌లను కూడా మెత్తని పగడాల వరసలో పెట్టి అమ్ముతుంటారు. అవి ఈ ఎనిమిది చేతుల కుటుంబం కావు, వాటిలో కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే ప్రమాదకరమైన విషం ఉంటుంది. చేతి తొడుగులు, కంటి అద్దాలు లేకుండా వాటిని కోయకండి. అవి అంటుకున్న రాయిని ఎట్టి పరిస్థితుల్లోనూ ఉడకబెట్టకండి. ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు.

తొట్టె తీసేయాల్సి వస్తే పగడాలను మరో అక్వేరియం వాళ్లకు ఇవ్వండి. సముద్రంలో వదలడం దయ కాదు. ఇండోనేషియా ప్రాంతపు యునోమియా అనే మెత్తని పగడం అక్వేరియం వ్యాపారం ద్వారా వెనెజువెలా తీరానికి చేరి, అక్కడి దిబ్బలనూ సముద్రపు గడ్డినీ చాప పరిచినట్టు కప్పేసింది. తొట్టె నీళ్లు కూడా నేరుగా కాలువలోకీ, సముద్రంలోకీ పోయనివ్వకండి. చిన్న ముక్క చాలు కొత్త గుంపు మొదలవడానికి.

ఇక ఎర్ర పగడం. దాని కాండం మందం ఏడాదికి సగటున అర మిల్లీమీటరు కూడా పెరగదు. మధ్యధరాలో ఒకప్పుడు శిలువ ఆకారపు చట్రానికి వలలు కట్టి అడుగున ఈడ్చి దీన్ని పీకేవారు. యూరోపియన్ యూనియన్ 1994లో ఆ పద్ధతిని నిషేధించింది. 50 మీటర్ల కన్నా తక్కువ లోతులో ఉన్నదాన్ని తీయకూడదనీ, 7 మిల్లీమీటర్ల కన్నా సన్నని కాండం ముట్టకూడదనీ తర్వాత నియమాలు వచ్చాయి. ఆ 7 మిల్లీమీటర్లు పెరగడానికే దశాబ్దాలు పడుతుందని గుర్తుంచుకోండి. అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందంలో నీలి పగడం, ఆర్గాన్ పైప్ పగడం ఉన్నాయి గానీ, ఎర్ర పగడాలన్నిటినీ దాని రెండో అనుబంధంలో, అంటే అనుమతి పత్రాలతోనే వ్యాపారం సాగాల్సిన జాతుల జాబితాలో చేర్చాలన్న ప్రతిపాదన 2007లోనూ, 2010లోనూ వీగిపోయింది. అమ్మేవాళ్లు చట్టబద్ధమే అన్నంత మాత్రాన పగడానికి హాని లేదని కాదు. ఇంట్లో వారసత్వంగా ఉన్నదే ఉంచుకుని కొత్తది కొనకపోవడం నాకు సరైన దారిగా అనిపిస్తుంది. ఎండబెట్టిన సీ ఫ్యాన్ల అలంకరణ వస్తువులకు కూడా ఇదే మాట. ఫ్లోరిడా సహా చాలాచోట్ల వాటిని తీయడమే నేరం.

8. కంటికి కనబడని లోతుల కోసం

మెత్తని పగడాలు ఎండ అందే చోటే ఉంటాయనుకుంటే పొరపాటు. చల్లటి చీకటి లోతుల్లో వందల ఏళ్ల వయసున్న సీ ఫ్యాన్లున్నాయి. 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు తవ్వే రిగ్ పేలిన కొన్ని నెలలకు, అక్కడికి 11 కిలోమీటర్ల దూరంలో, సుమారు 1,370 మీటర్ల లోతులో ఉన్న సీ ఫ్యాన్ల మీద గోధుమ రంగు తెట్టు పేరుకుని ఉండటం శాస్త్రవేత్తలు చూశారు. చమురు పైకి తేలుతుంది, కింద ఏమీ కాదు అనుకున్నవాళ్లకు అది గట్టి జవాబు.

అడుగును ఊడ్చే ట్రాల్ వలలు వీటికి అన్నిటికన్నా పెద్ద శత్రువు. ఒక్క ఈడ్పుతో శతాబ్దాల పెరుగుదల పోతుంది. యూరోపియన్ యూనియన్ తన జలాల్లో 800 మీటర్ల కన్నా లోతులో ట్రాలింగ్‌ను 2016లో నిషేధించింది. మీరు చేయగలిగినవి రెండు. చేప కొనేటప్పుడు ఏ పద్ధతిలో పట్టారని అడగండి, అడుగు ట్రాల్‌తో పట్టని చేపకు మొగ్గు చూపండి. మీ తీరంలో పూడికతీత, రేవు విస్తరణ, ట్రాలింగ్ అనుమతుల మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే వెళ్లండి. వెళ్లేటప్పుడు చేతిలో ఫోటోలు, తేదీలు ఉండాలి. అవి ఎలా సంపాదించాలో ఇప్పుడు చెబుతాను.

9. చూసినదాన్ని నమోదు చేయండి

ఒక చోటును ఎంచుకోండి. రోజూ వెళ్లనక్కర్లేదు, ఏడాదికి రెండు మూడుసార్లు వెళ్లగలిగితే చాలు. సులువుగా గుర్తుపట్టగల రాయో, స్తంభమో ఉన్న చోటైతే మంచిది. తేదీ, టైమ్, లోతు, నీటి వేడి, పోటా పాటా అన్నది పలక మీద రాసి, మొదటి ఫోటో ఆ పలకదే తీయండి. తర్వాత ఒక్కో పగడాన్నీ మూడు విధాలుగా తీయండి: చుట్టుపక్కల కనిపించేలా ఒకటి, పగడం మొత్తం ఒకటి, పాలిప్‌లు కనిపించేంత దగ్గరగా ఒకటి. పక్కన స్కేలు ఉండాలి, పగడానికి ఆనకూడదు.

శైవలాలున్న రకాలకు రంగు కొలవడం తేలిక. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో 2002లో మొదలైన కోరల్‌వాచ్ అనే ప్రాజెక్టు వాళ్ల రంగుల అట్టలో 1 నుంచి 6 దాకా ముదురు స్థాయిలుంటాయి. పగడంలో అన్నిటికన్నా లేతగా ఉన్న చోటు, ముదురుగా ఉన్న చోటు చూసి రెండు అంకెలూ రాయాలి. మెత్తని పగడానికి అందులో విడిగా గడి ఉంది. ఒక్కో విడతలో కనీసం 20 పగడాలు చూడండి. తర్వాతి విడతలో అంకె రెండు స్థాయిలు పడిపోతే శైవలాలు బాగా తగ్గినట్టు లెక్క. డెండ్రోనెఫ్థియాకు, శైవలాలు లేని సీ ఫ్యాన్లకు ఈ అట్ట పనికిరాదు.

ఎంత మేర ఉన్నాయో తెలియాలంటే పగడాల దిబ్బలను లెక్కగట్టే రీఫ్ చెక్ అనే సంస్థ పద్ధతి వాడండి. 20 మీటర్ల టేపు నాలుగుసార్లు పరిచి, ప్రతి అర మీటరుకూ కింద ఏముందో రాయాలి. మొత్తం 160 గుర్తులు వస్తాయి. వాటిలో 24 చోట్ల మెత్తని పగడం ఉంటే 15 శాతం అన్నమాట. ఒక జాగ్రత్త: ఆ పద్ధతిలో సీ ఫ్యాన్లు మెత్తని పగడాల గడిలోకి రావు, ఇతరాల్లో పడతాయి. కాబట్టి సీ ఫ్యాన్లను పక్కన విడిగా లెక్కపెట్టి రాసుకోండి, లేకపోతే మీ కాగితంలో కూడా అవి మాయమైపోతాయి.

తీసిన ఫోటోలు ఫోన్‌లోనే ఉంచుకోకండి. జీవుల ఫోటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో చోటు, తేదీతో పెట్టండి. మీరు పేరు తప్పు రాసినా తెలిసినవాళ్లు సరిచేస్తారు, ఫోటో ఉంటే చాలు. హఠాత్తుగా పెద్ద ఎత్తున నష్టం కనిపిస్తే ఆ తీరపు మత్స్య శాఖకు, దగ్గర్లోని సముద్ర పరిశోధన సంస్థకు ఫోటోలతో పాటు రాయండి. ఊడిపోయిన ముక్కలను మీరే తెచ్చి రాళ్లకు అతికించే ప్రయత్నం మాత్రం వద్దు. అది అనుమతి ఉన్నవాళ్లు, వాటం, లోతు చూసి చేయాల్సిన పని.

ఆఖరి ఫోటో ఒకటి తీయడం మర్చిపోకండి. పగడాలు లేని ఖాళీ రాయిని, ఇసుకను కూడా అదే టేపు వెంబడి తీయండి. వచ్చే ఏడు అక్కడ వేలెడంత కొత్త పగడం మొలిస్తే, అది నిరుడు అక్కడ లేదని చెప్పగలిగేది ఆ ఖాళీ ఫోటో ఒక్కటే.